పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: రెండు ప్రోబులు ఒకే కాలికి పెడితే తెర మీద ఏం మిగులుతుంది?

ప్రశ్న: 230 వోల్టుల వెల్డింగ్ ఇన్వర్టర్లు బాగుచేస్తుంటాం. బ్రిడ్జిలో పై మాస్ఫెట్ (స్విచ్‌గా వాడే ట్రాన్సిస్టర్) గేట్‌కీ సోర్స్‌కీ మధ్య తరంగం చూడాలని స్కోపు (ఆసిలోస్కోపు) ఒకటో ఛానల్ గేట్ మీద, రెండో ఛానల్ సోర్స్ మీద పెట్టి, స్కోపులోని లెక్కల మెనూ (మ్యాత్)లో ఒకటి మైనస్ రెండు తీస్తున్నాం. స్విచ్ అయిన ప్రతిసారీ 20 వోల్టుల దాకా ముల్లులా లేస్తోంది. గేట్ డ్రైవర్ మార్చినా, గేట్ రెసిస్టర్ మార్చినా అది పోవడం లేదు. ఆ ముల్లు నిజంగా గేట్ మీద ఉందా, లేక స్కోపు చూపిస్తున్న భ్రమా? – వెల్డింగ్ మిషన్ల మెకానిక్, రాయగడ

జవాబు: ఇంకేమీ మార్చకండి. మిషన్ ఆపి, డీసీ కెపాసిటర్లలో వోల్టేజ్ దిగిపోయిందని మీటర్‌తో చూసుకుని, గేట్ మీదున్న ప్రోబ్‌ని కూడా సోర్స్ కాలికే తగిలించండి. మళ్లీ ఆన్ చేయండి. రెండు ప్రోబులూ ఒకే కాలి మీద ఉన్నాయి కనుక తేడా సున్నా రావాలి. ముల్లు అలాగే ఉంటే అది మీ కొలతలో పుట్టిందే. అలాగే ఉంటుందనే మా అంచనా. ఎందుకో లెక్కతో చూద్దాం.

230 వోల్టుల ఏసీని రెక్టిఫై చేస్తే సుమారు 325 వోల్టుల డీసీ. పై మాస్ఫెట్ ఆన్ అయినప్పుడు దాని సోర్స్ కాలు కింది నుంచి ఆ 325 దాకా ఎగురుతుంది. 50 నానోసెకన్లలో ఎగిరిందనుకోండి, నానోసెకనుకు 6.5 వోల్టులన్నమాట. గేట్ కూడా అదే వేగంతో దాని వెంట వెళ్తుంది, పైన తనదైన 12–15 వోల్టులు మోసుకుంటూ. రెండు కాళ్లకీ ఉమ్మడిగా ఉన్న ఆ 325 వోల్టుల గంతే కామన్ మోడ్. స్కోపు దాన్ని మొత్తంగా కొట్టేసి, మిగిలిన 12 వోల్టుల్ని మాత్రమే చూపించాలి. ఎంత బాగా కొట్టేస్తుందో చెప్పే కొలత సీఎంఆర్‌ఆర్ (కామన్ మోడ్ రిజెక్షన్ రేషియో): ఉమ్మడిగా ఇచ్చిన వోల్టేజ్‌ని తేడాలో మిగిలిన వోల్టేజ్‌తో భాగించి, లాగరిథం తీసి 20తో గుణిస్తే డెసిబెల్స్ (డీబీ). 10 వోల్టులిస్తే 100 మిల్లీవోల్టులు మిగిలితే 40 డీబీ. 10 మిల్లీవోల్టులే మిగిలితే 60 డీబీ.

మీ రెండు ప్రోబుల దారిలో ఒక్క నానోసెకను తేడా ఉందనుకోండి. సోర్స్ ఎగిరే ఆ 50 నానోసెకన్ల పాటు ఒక ఛానల్ రెండోదాని కంటే 6.5 వోల్టులు వెనకబడి కనిపిస్తుంది. తేడా తీస్తే 6.5 వోల్టుల ముల్లు. మూడు నానోసెకన్లయితే 20 వోల్టులు, సరిగ్గా మీరు చూస్తున్నంత. కోయాక్సియల్ కేబుల్‌లో సిగ్నల్‌కి మీటరుకు దాదాపు 5 నానోసెకన్లు పడుతుంది. 1.2 మీటర్ల ప్రోబ్ ఒకటీ 2 మీటర్ల ప్రోబ్ ఒకటీ జతకడితే అక్కడే 4 నానోసెకన్లు పోయాయి. షాపుల్లో మిగిలిన పాత ప్రోబ్‌నీ కొత్త ప్రోబ్‌నీ కలిపి వాడటం మామూలే. ఈ పనికి మాత్రం అది కుదరదు. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే పొడవు ఉండాలి.

రెండు ప్రోబులూ ఒకే కాలికి పెట్టినప్పుడు తెర మీద మిగిలినదాని ఆకారం చూస్తే దోషం ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. లేచే అంచు దగ్గర ఒక వైపు, పడే అంచు దగ్గర రెండో వైపు సన్నని ముల్లు ఉండి, మధ్యలో చదునుగా ఉంటే అది ఆలస్యంలో తేడా. అంచు దగ్గర మొదలై పదుల నుంచి వంద మైక్రోసెకన్ల దాకా మెల్లగా కరిగే తోకలా ఉంటే ప్రోబ్ కాంపెన్సేషన్ (ప్రోబ్‌ని స్కోపు ఇన్‌పుట్‌కి సరిపోయేలా ట్రిమ్మర్ స్క్రూతో సర్దడం) రెండింటికీ ఒకేలా కుదరలేదు. స్విచింగ్ వేగంగా ఉంటే తోక పూర్తిగా కరిగేలోపే తర్వాతి అంచు వచ్చేస్తుంది, అప్పుడు అది వాలుగా మాత్రమే కనిపిస్తుంది. సోర్స్ పైన ఉన్నంతసేపూ గట్టులా నిలబడి, కిందికి దిగగానే పోతే అది గెయిన్ (ఛానల్ వోల్టేజ్‌ని ఎన్ని రెట్లు చేసి చూపుతుందో ఆ నిష్పత్తి) తేడా. ఒక్క శాతం గెయిన్ తేడాకే 325 వోల్టుల మీద 3.25 వోల్టుల గట్టు వస్తుంది. గేట్ వోల్టేజ్ 12 ఉండాల్సింది 15 ఉందని ఊరికే కంగారుపడేది ఇందువల్లే.

ఇక సరిచేయడం. మిషన్ పక్కన పెట్టి ముందు బల్ల మీద పని చేసుకోండి. స్కోపుని అరగంట వేడెక్కనిచ్చి, ప్రోబులన్నీ తీసేసి సెల్ఫ్ క్యాలిబ్రేషన్ నడపండి. రెండు ఛానళ్లూ డీసీ కప్లింగ్‌లో ఉండాలి. ఏసీ కప్లింగ్ పెడితే లోపలి కెపాసిటర్లలో ఉన్న చిన్న తేడా కూడా తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర బయటపడుతుంది. బ్యాండ్‌విడ్త్ లిమిట్ పెడితే రెండింటికీ పెట్టాలి, లేదా రెండింటికీ తీసేయాలి. వోల్ట్స్ పర్ డివిజన్ రెండింటికీ ఒకటే.

ఫంక్షన్ జనరేటర్ అవుట్‌పుట్‌కి బీఎన్‌సీ టీ (ఒక సాకెట్‌ని రెండుగా చీల్చే కనెక్టర్) బిగించి, అక్కడి నుంచి సమానమైన రెండు కేబుళ్లు రెండు ఛానళ్లకూ వేయండి. అర మీటరువి సరిపోతాయి. టీని ఒకటో ఛానల్ సాకెట్‌కే బిగించి అక్కడి నుంచి రెండో ఛానల్‌కి కేబుల్ లాగడం చాలామంది చేసే పొరపాటు. ఆ అర మీటరు కేబుల్ 2.5 నానోసెకన్ల ఆలస్యం తెస్తుంది. 1 మెగాహెర్ట్జ్ దగ్గర 36 డీబీకీ, 10 మెగాహెర్ట్జ్ దగ్గర 16 డీబీకీ దిగజారుతుంది. స్కోపు ఎంత మంచిదైనా ఆ కేబుల్ దాన్ని చెడగొట్టేసినట్టే.

10 వోల్టుల పీక్ టు పీక్ సైన్ తరంగం ఇచ్చి 100 హెర్ట్జ్, 1 కిలోహెర్ట్జ్, 10 కిలో, 100 కిలో, 1 మెగా, 10 మెగాహెర్ట్జ్‌ల దగ్గర తేడా ఎంత మిగిలిందో రాసుకోండి. ప్రతి చోటా ఒకటో ఛానల్‌లో 10 వోల్టులు నిజంగా ఉన్నాయో లేదో కూడా చూడండి, పైకి వెళ్లేకొద్దీ కొన్ని జనరేటర్ల అవుట్‌పుట్ తగ్గిపోతుంది. ఈ పట్టిక ప్రోబులు లేని స్కోపుది మాత్రమే. తర్వాత కేబుళ్లు తీసేసి, 10ఎక్స్ ప్రోబులు (సిగ్నల్‌ని పదో వంతుకు తగ్గించేవి) రెండూ అదే టీ దగ్గర పెట్టి మళ్లీ రాయండి. రెండు పట్టికల మధ్య పడిపోయినంతా ప్రోబుల ఖాతాలోదే.

ప్రోబుల్ని కాంపెన్సేట్ చేసేటప్పుడు స్కోపు మీదున్న 1 కిలోహెర్ట్జ్ చతురస్ర తరంగానికి విడివిడిగా చదును చేసి ఊరుకోవద్దు. రెండింటినీ అదే టెర్మినల్‌కి కలిపి తగిలించి, మ్యాత్ తరంగాన్ని 20 మిల్లీవోల్టుల దగ్గరకు తెచ్చి, తేడాలో తోక కనిష్ఠమయ్యేదాకా రెండో ప్రోబ్ ట్రిమ్మర్ తిప్పండి. ట్రిమ్మర్‌కి ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్ వాడాలి. ఇనుపది తగిలినంతసేపూ ఒకలా ఉండి, తీయగానే మారిపోతుంది. ఏ ప్రోబ్ ఏ ఛానల్‌కి చేశారో రంగు రింగులు వేసి గుర్తుపెట్టండి. తారుమారైతే చేసిందంతా వృథా.

ఆలస్యం సరిచేయడానికి ఛానల్ మెనూలో డీస్క్యూ ఉంటుంది. రెండు ప్రోబులూ ఒకే వేగవంతమైన అంచు మీద పెట్టి, ముల్లు చిన్నదయ్యేదాకా ఒక్కొక్క నానోసెకను జరపండి. 1 కిలోహెర్ట్జ్ క్యాలిబ్రేషన్ అంచు ఈ పనికి మందకొడిగా ఉండొచ్చు, జనరేటర్‌లోని చతురస్ర తరంగం మేలు.

గెయిన్ దగ్గరే ఒక చిక్కుంది. డిజిటల్ స్కోపులో ఫైన్ నాబ్ తిప్పితే తెర మీద బొమ్మ సైజు మారుతుంది, లెక్కలో వోల్టులు మారవు. కాబట్టి తేడా కూడా మారదు. ప్రోబ్ నిష్పత్తిని 10కి బదులు 10.1 అని ఇవ్వనిచ్చే స్కోపయితే అక్కడ సరిచేయవచ్చు. లేదా మ్యాత్‌లో సూత్రం రాయనిస్తే రెండో ఛానల్‌ని 1.01తోనో 0.99తోనో గుణించి తీసేయండి. రెండూ లేకపోతే ఉన్న ప్రోబుల్ని ఛానళ్ల మధ్య మార్చి చూసి, తక్కువ గట్టు వచ్చిన జతని ఉంచుకోవాలి.

ఇప్పుడు మిషన్ దగ్గరకు. ఈ ఇన్వర్టర్లలో డీసీ మైనస్ మెయిన్స్ ఎర్త్‌తో సమానం కాదు. రెక్టిఫైయర్ వల్ల అది ఎర్త్‌తో పోలిస్తే 50 హెర్ట్జ్‌తో 0 నుంచి మైనస్ 325 వోల్టుల దాకా ఊగుతుంటుంది. స్కోపు గ్రౌండ్ క్లిప్పు దానికి తగిలిస్తే క్లిప్పు కాలిపోతుంది, స్కోపు కూడా పోవచ్చు. మిషన్‌ని ఒకటికొకటి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద పెట్టండి. లోడ్ లేకుండా చూడటానికి 500 వీఏది చాలు, సీరీస్‌లో 100 వాట్ల బల్బు ఉంచండి. అప్పుడు ఒకే ఒక్క గ్రౌండ్ క్లిప్పుని డీసీ మైనస్‌కి పెట్టవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ లేకపోతే రెండు ప్రోబుల గ్రౌండ్ క్లిప్పులూ ఒకదానికొకటి కరిపించి, బోర్డుకి తగలకుండా టేపు చుట్టి వదిలేయాలి. ప్రోబ్ మీద 600 వోల్టులని రాసి ఉన్నా అది తక్కువ ఫ్రీక్వెన్సీ మాట. మెగాహెర్ట్జ్‌ల్లోకి వెళ్లేకొద్దీ ఆ పరిమితి తగ్గిపోతుంది, మాన్యువల్‌లో గ్రాఫ్ చూసుకోండి.

ఇంత చేసినా ఒక హద్దు మిగిలే ఉంటుంది. 325 వోల్టులూ తెరలో పట్టాలంటే గడికి 50 వోల్టులు పెట్టాలి. పట్టకపోతే ఛానల్ పైన కోసుకుపోయి తేడా పూర్తిగా తప్పుతుంది. 8 గళ్లకు 400 వోల్టులు. 8 బిట్ల స్కోపు దాన్ని 256 మెట్లుగా కోస్తుంది, మెట్టుకు 1.56 వోల్టులు. మీ 12 వోల్టుల గేట్ తరంగం అందులో ఎనిమిది మెట్లు కూడా నిండదు. గేట్ డ్రైవ్ వస్తోందా లేదా, రెండు వైపులా ఒకేసారి ఆన్ అవుతున్నాయా అన్నంతవరకు ఇది పనికొస్తుంది. గేట్ మీద 2 వోల్టుల ఊగిసలాట చూసి రెసిస్టర్ విలువ నిర్ణయిస్తామంటే పనికిరాదు. ఆ పని తరచూ ఉంటే డబ్బు హై వోల్టేజ్ డిఫరెన్షియల్ ప్రోబ్ (రెండు కాళ్ల మధ్య తేడాని తానే తీసి స్కోపుకిచ్చేది) మీద పెట్టడమే నయం.

కొనేటప్పుడు పెద్ద అక్షరాల్లో వేసిన అంకె చూసి మోసపోకండి. 50 హెర్ట్జ్ దగ్గర 80 డీబీ, 1 మెగాహెర్ట్జ్ దగ్గర 50 డీబీ అని డేటాషీట్‌లో ఉందనుకోండి. మొదటి లెక్కన 325 వోల్టుల్లో 33 మిల్లీవోల్టులే మిగలాలి, రెండో లెక్కన వోల్టుకు పైగా. మీ 50 నానోసెకన్ల అంచులో ఉన్న ఫ్రీక్వెన్సీ 0.35ని 50 నానోసెకన్లతో భాగిస్తే వచ్చే 7 మెగాహెర్ట్జ్. ఆ 80 డీబీ మీకు ఏ రకంగానూ అక్కరకు రాదు. ప్రోబ్ వచ్చాక కూడా మొదటి పని అదే: దాని రెండు వైర్లనీ మెలివేసి, రెండు క్లిప్పులూ సోర్స్ కాలికే పెట్టి ఏం మిగిలిందో ఫొటో తీసి ఉంచుకోండి.

ప్రశ్న: కాలేజీ ల్యాబ్‌లో 1 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు ఛానళ్ల సీఎంఆర్‌ఆర్ కొలిస్తే మా బ్యాచ్‌కి 38 డీబీ వచ్చింది. అదే స్కోపు, అదే 10 వోల్టులు, అదే గడికి 2 వోల్టుల సెట్టింగ్‌తో పక్క బ్యాచ్‌కి 52 వచ్చింది. రికార్డులో ఏది రాయాలి? – ఇంజనీరింగ్ విద్యార్థిని, గుణుపురం

జవాబు: పక్క బ్యాచ్ ఆవరేజింగ్ ఆన్ చేసి ఉండాలి. గడికి 2 వోల్టులు, 8 గళ్లు అంటే 16 వోల్టులు, 256 మెట్లు. మెట్టు 62.5 మిల్లీవోల్టులు. 10 వోల్టుల్ని ఒక్క మెట్టుతో భాగిస్తే 160, అంటే 44 డీబీ. మామూలు పద్ధతిలో ఆ స్కోపు అంతకు మించి చూడలేదు. మీ 38 డీబీకి మిగిలినది దాదాపు 126 మిల్లీవోల్టులు, సరిగ్గా రెండు మెట్లు. పీక్ టు పీక్ చదివారు కనుక ఒక మెట్టు అటూ ఒక మెట్టు ఇటూ ఊగిన శబ్దాన్నే ఛానళ్ల తేడాగా రాసుకున్నారన్నమాట.

52 డీబీ అంటే 25 మిల్లీవోల్టులు, మెట్టులో సగం కూడా కాదు. ట్రిగ్గర్ స్థిరంగా ఉంచి 64 సార్లో 128 సార్లో ఆవరేజ్ చేస్తే మెట్టు కంటే చిన్నది కూడా బయటపడుతుంది. ఆ పనికి ఛానల్‌లో కాస్త శబ్దం ఉండటమే సాయం. రికార్డులో రెండూ రాయవచ్చు, ఏ ఫ్రీక్వెన్సీ, గడికి ఎన్ని వోల్టులు, ఎన్ని ఆవరేజ్‌లు అన్నది పక్కనే రాయాలి. అవి లేని డీబీ అంకెకు అర్థం లేదు. జనరేటర్ తీసేసి, రెండు ఇన్‌పుట్‌లూ షార్ట్ చేసి మిగిలినది ఎంతో ముందుగా రాస్తే ఇంకా బాగుంటుంది. 12 బిట్ల స్కోపులో ఇదే లెక్క 68 డీబీ దాకా వెళ్తుంది. అక్కడ మాత్రం మెట్టు కంటే ముందు గెయిన్ తేడానే అడ్డొస్తుంది. ఛానళ్లకు ఒక్క శాతం గెయిన్ తేడా ఉంటే బిట్లు ఎన్ని ఉన్నా 40 డీబీ దాటదు.

ప్రశ్న: రైస్ మిల్లుల్లో 415 వోల్టుల వీఎఫ్‌డీలు (మోటార్ వేగాన్ని మార్చే డ్రైవ్‌లు) చూస్తాం. స్కోపు ప్లగ్ ఎర్త్ పిన్ను పీకేస్తే గ్రౌండ్ క్లిప్పు ఎక్కడైనా పెట్టుకోవచ్చని, కామన్ మోడ్ గొడవే ఉండదని ఒక సీనియర్ చెప్పారు. నిజమేనా? – ఎలక్ట్రీషియన్, జయపురం

జవాబు: ఆ పిన్ను జోలికి వెళ్లొద్దు. 415 వోల్టుల డ్రైవ్‌లో డీసీ బస్ (ఏసీని రెక్టిఫై చేసిన లోపలి డీసీ లైను) 587 వోల్టులు. పిన్ను పీకి క్లిప్పు అవుట్‌పుట్‌కి పెడితే స్కోపు సాకెట్ల లోహం, వెనకున్న యూఎస్‌బీ షెల్, తగిలించి ఉంటే ల్యాప్‌టాప్ కూడా ఆ వోల్టేజ్‌కే ఎక్కి కూర్చుంటాయి. ఒక చెయ్యి స్కోపు మీద, ఇంకో చెయ్యి డ్రైవ్ హీట్‌సింక్ మీద పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ పని చేసినవాళ్లు బతికే ఉన్నారనడం అది సురక్షితమనడానికి రుజువు కాదు.

కామన్ మోడ్ గొడవ పోతుందన్నది కూడా తప్పే. స్కోపు డబ్బాకీ నేలకీ మధ్య 100–200 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. 150 అనుకోండి. ఐజీబీటీ (డ్రైవ్‌లోని స్విచింగ్ ట్రాన్సిస్టర్) 587 వోల్టుల్ని 100 నానోసెకన్లలో స్విచ్ చేస్తే ప్రతి అంచులో ఆ కెపాసిటెన్స్ గుండా దాదాపు 0.9 ఆంపియర్ల కరెంటు పోటు పోతుంది, అదీ మీ గ్రౌండ్ వైరు మీదుగా. తెర మీద ఊగిసలాటలు (రింగింగ్) కనిపిస్తాయి, డ్రైవ్ ఫాల్ట్‌లోకి వెళ్లినా ఆశ్చర్యం లేదు. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా 50 హెర్ట్జ్‌కే మంచి గోడ. వైండింగ్‌ల మధ్య 500 పికోఫారడ్లు ఉంటే 1 మెగాహెర్ట్జ్‌కి అది 318 ఓమ్‌లే.

డ్రైవ్‌ల పనికి ఛానళ్లు ఒకదానికొకటి ఐసొలేట్ అయి, బ్యాటరీతో నడిచే చేతి స్కోపు గానీ, వెయ్యి వోల్టులు తట్టుకునే డిఫరెన్షియల్ ప్రోబ్ గానీ ఉండాలి. మామూలు 10ఎక్స్ ప్రోబులు రెండు పెట్టి తేడా తీసే పద్ధతి ఇక్కడ వద్దే వద్దు. ఐసొలేటెడ్ స్కోపునైనా పరీక్షించే తీరు పైన రాయగడ మెకానిక్‌కి చెప్పిందే: ప్రోబ్ మొనా గ్రౌండ్ క్లిప్పూ రెండూ డ్రైవ్ యూ టెర్మినల్‌కే పెట్టి చూడండి. అంచుల దగ్గర మిగిలే ముళ్ల ఎత్తే మీరు నమ్మగలిగే కొలతకు అడుగు. ఈ పరీక్షకు వీఎఫ్‌డీ మంచి జనరేటర్, ఎందుకంటే దాని యూ టెర్మినల్ స్విచ్ అయిన ప్రతిసారీ బస్ మొత్తం, అంటే 587 వోల్టులు, పైకీ కిందికీ గెంతుతూనే ఉంటుంది.

ఎర్త్ గురించి ఇంకో మాట. మీ కోరాపుట్ కొండల్లో రాతినేల, ఎండాకాలం గుంట ఎండిపోతే ఎర్త్ రెసిస్టెన్స్ బాగా పెరిగిపోతుంది. పాత ఇళ్లల్లో మూడో పిన్నుకు వైరే ఉండదు. అప్పుడు పిన్ను పీకకపోయినా స్కోపు తేలుతూనే ఉంటుంది: లోపలి లైన్ ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల డబ్బా 115 వోల్టుల దగ్గర కూర్చుంటుంది. 2.2 నానోఫారడ్ల కెపాసిటర్ గుండా పోయేది 0.16 మిల్లీఆంపియర్లే కాబట్టి చాలామందికి ఒంటికి చీమ కుట్టినట్టు తెలిసీ తెలియనట్టుంటుంది. డబ్బా లోహానికీ నీళ్ల పైపుకీ మధ్య ఏసీ వోల్టేజ్ కొలవండి. అంకె పదులు దాటితే ముందు ఎర్త్ గుంట పని చూడండి, ఆ తర్వాతే సీఎంఆర్‌ఆర్.

ప్రశ్న: ప్రోబ్ మొనను దాని గ్రౌండ్ క్లిప్పుకే కరిపించి, ఆంప్లిఫయర్ చాసిస్‌కి తాకిస్తే 30 మిల్లీవోల్టుల ముళ్లు వస్తున్నాయి. మొనా గ్రౌండూ ఒకటే అయినప్పుడు ఇవి ఎక్కడివి? ప్రోబ్ పాడైందా? – ఆడియో రిపేరు షాపు, పర్లాకిమిడి

జవాబు: ప్రోబ్ బాగానే ఉంది. ఒక్క ప్రోబ్‌తో కామన్ మోడ్ పరీక్ష అంటే ఇదే, తెలియకుండానే చేశారు. ఆంప్లిఫయర్ చాసిస్‌కీ స్కోపు డబ్బాకీ మధ్య చిన్న వోల్టేజ్ ఉంది. క్లిప్పు తగలగానే ప్రోబ్ కేబుల్ పైజల్లెడ గుండా కరెంటు పారుతుంది. జల్లెడకు కొంత రెసిస్టెన్స్, కొంత ఇండక్టెన్స్ ఉన్నాయి. అక్కడ పడే వోల్టేజ్ మీ సిగ్నల్‌కి సీరీస్‌లో చేరిపోతుంది. క్లిప్పు గాల్లో ఉన్నప్పుడు గీత చదునుగా ఉండి, చాసిస్‌కి తాకగానే ముళ్లు వస్తే అనుమానమే అక్కర్లేదు. గాల్లోనూ వస్తుంటే క్లిప్పు వైరు ఉచ్చులా చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటోంది. ఉచ్చు ఎటు తిప్పితే ఎత్తు మారుతుందో చూస్తే మూలం ఎటుందో కూడా తెలుస్తుంది.

ముందు ఆంప్లిఫయర్‌నీ స్కోపునీ ఒకే స్పైక్ బోర్డు మీద పెట్టండి. తర్వాత బల్ల మీదున్న సెల్ ఛార్జర్లూ ఎల్‌ఈడీ ట్యూబుల డ్రైవర్లూ ఒక్కొక్కటే ఆపుతూ చూడండి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. అయినా మిగిలితే ప్రోబ్ కేబుల్‌ని పెద్ద ఫెర్రైట్ రింగ్ గుండా ఐదారు చుట్లు చుట్టండి. సిగ్నల్ వెళ్లే కరెంటు, తిరిగొచ్చే కరెంటు రెండూ ఒకే కేబుల్‌లో ఉన్నాయి కాబట్టి వాటికి ఫెర్రైట్ అడ్డు రాదు, జల్లెడ మీద మాత్రమే పారే కరెంటుకే అడ్డు. 50 హెర్ట్జ్ హమ్‌కి మాత్రం ఫెర్రైట్ ఏమీ చేయదు. పొడుగు క్లిప్పు వైరు బదులు మొన దగ్గరే పెట్టే స్ప్రింగ్ గ్రౌండ్ వాడితే ఉచ్చు పట్టే ముళ్లు బాగా తగ్గుతాయి.

ప్రశ్న: డిఫరెన్షియల్ ప్రోబ్ ధర అందుబాటులో లేదు. ఓపాంప్ (ఆపరేషనల్ ఆంప్లిఫయర్ ఐసీ), 1 శాతం రెసిస్టర్లతో ఇంట్లోనే చేసుకోవచ్చా? – డిప్లొమా చదువుతున్న పాఠకుడు, బరంపురం

జవాబు: నేర్చుకోవడానికి చేయండి. మెయిన్స్ మీద నమ్మి వాడేదాన్ని మాత్రం కొనాలి. 100కి ఒకటిగా తగ్గించే డిఫరెన్స్ ఆంప్లిఫయర్‌లో నాలుగు చేతులూ 1 శాతం రెసిస్టర్లయితే, అన్నీ ఎదురుబొదురుగా తప్పిన సందర్భంలో సీఎంఆర్‌ఆర్ 28 డీబీయే. 325 వోల్టుల కామన్ మోడ్‌కి 13 వోల్టుల దొంగ తేడా చూపిస్తుంది. 0.1 శాతం వాడితే 48 డీబీ, 1.3 వోల్టులు.

పై చేతికి 10 మెగాఓమ్‌లని ఒక్క రెసిస్టర్ పెట్టకండి. మామూలు పావు వాట్ మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ వోల్టేజ్ పరిమితి 250 దగ్గర ఉంటుంది. 2 మెగాఓమ్‌లవి ఐదు సీరీస్‌లో వేయండి. కింది చేయి 100 కిలోఓమ్‌లు, ఓపాంప్ టీఎల్ 072, రెండు 9 వోల్టుల బ్యాటరీలు. ఫీడ్‌బ్యాక్ వైపు 100 కిలోఓమ్‌లకు సీరీస్‌గా 4.7 కిలోఓమ్‌లు, గ్రౌండ్ వైపు 10 కిలోఓమ్‌ల మల్టీటర్న్ ప్రీసెట్ పెట్టండి. రెండు ఇన్‌పుట్‌లూ కలిపి బెంచ్ సప్లై నుంచి 30 వోల్టుల డీసీ ఇచ్చి, తీసి, ఇచ్చి, తీసి, అవుట్‌పుట్ కదలకుండా అయ్యేదాకా ప్రీసెట్ తిప్పండి. అవుట్‌పుట్‌లో ఆఫ్‌సెట్ ఉంటే ఉండనివ్వండి, ఇచ్చినప్పుడూ తీసినప్పుడూ అదే అంకె ఉంటే చాలు.

డీసీకి కుదిరింది కదా అని ఇన్వర్టర్ మీదకు వెళ్లకండి. 10 మెగాఓమ్‌లకు అడ్డంగా బోర్డు మీదే అర పికోఫారడ్ దొంగ కెపాసిటెన్స్ ఉంటుంది, 32 కిలోహెర్ట్జ్ దగ్గరే దాని పెత్తనం మొదలవుతుంది. రెండు చేతులకూ అది సమానంగా ఉండదు. పై రెసిస్టర్లకు అడ్డంగా హై వోల్టేజ్ కెపాసిటర్లు, కింద ట్రిమ్మర్ వేసి, ఈసారి చతురస్ర తరంగంతో మళ్లీ సున్నా చేయాలి. ఆ ట్రిమ్మర్ సున్నా మూత బిగించగానే జరిగిపోతుంది, అందుకని మూతకు చిన్న రంధ్రం వదిలి, మూత పెట్టాకే ఆఖరిసారి తిప్పండి.

ఇంత తంటా వద్దనుకుంటే ఏడీ 629 ఐసీ ఉంది. లోపలి రెసిస్టర్లు లేజర్‌తో కోసినవి, ప్లస్ మైనస్ 15 వోల్టుల సప్లై మీద 270 వోల్టుల కామన్ మోడ్ దాకా పనిచేస్తుంది. బ్యాండ్‌విడ్త్ 500 కిలోహెర్ట్జ్. సోలార్ బ్యాటరీ బ్యాంకులో ఒక్కో బ్యాటరీ వోల్టేజ్, షంట్ మీద కరెంటు చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. 325 వోల్టుల బస్‌కి చాలదు, పైగా లోపల ఐసొలేషన్ ఏమీ లేదు కాబట్టి దాని గ్రౌండ్ స్కోపు ఎర్తే.